ఔషధశాలయందు యంత్రము చెంత నిలుచువాడు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



చికిత్సకు పాదములు నాలుగని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడు, ద్రవ్యము, పరిచారకుడు, రోగి. ద్రవ్యమనగా ఔషధము. దానికిని ఆ గ్రంథము నాలుగు గుణములను విధించినది: కావలసినంత లభించుట, రోగమునకు తగియుండుట, పెక్కు రూపములుగ కల్పించుటకు వీలగుట, సారము చెడకుండుట. అయితే ఆ ద్రవ్యమును నూరి, కాచి, వడబోసి, గుళిక చేయువానికి ప్రత్యేకముగ ఐదవ పాదము చెప్పలేదు. చెప్పవలసిన పని లేకపోయినది. ఆ కాలమున వైద్యుడే కల్వము ముందు కూర్చుండెడివాడు. తాను నూరినది తానే యిచ్చెడివాడు. మందు వికటించినచో దోషమెవరిదని వెదుకుట కూడ సులభమే.

నేడు ఆ స్థితి లేదు. జ్వరపడినవాడు మ్రింగు మాత్రను వ్రాసియిచ్చిన వైద్యుడు చేయలేదు, అమ్మిన దుకాణదారుడు చేయలేదు. ఎక్కడనో ఒక కర్మాగారమున, తలకు టోపీయు ముఖమునకు గుడ్డయు చేతులకు తొడుగులును ధరించి, రాత్రి రెండు గంటలవేళ ఒక యంత్రము చెంత నిలిచిన యువకుడు చేసినాడు. అతడు తరచుగ ఇట్టి గ్రామమునుండి పోయినవాడే. అతనిని గూర్చి ఊరివారేమందురు? "వాడు మందుల కంపెనీలో మిషను దగ్గర ఉన్నాడు" అందురు. ఇంజనీరు సీటు రాని పిల్లవాడు చేయు పని యని అర్థము. పెండ్లి సంబంధము వచ్చినపుడు తండ్రి కూడ "కంపెనీలో ఉద్యోగము" అని మాత్రము చెప్పి, ఏమి ఉద్యోగమో చెప్పక దాటవేయును. ఈ తేలికభావము న్యాయమా కాదా అనునదే నేటి విషయము.

ఔషధమును యంత్రముతో చేయుట ఈ దేశమునకు క్రొత్తగాదు. రసరత్నసముచ్చయమను గ్రంథమున రసశాలా నిర్మాణము చెప్పబడినది. అగ్నికార్యము ఆగ్నేయమున, కడుగుట పడమట, ఆరబెట్టుట వాయవ్యమున అని ఒక్కొక్క పనికి ఒక్కొక్క దిక్కు నియమించినారు. దీనిని వట్టి దిక్కుల పట్టింపని త్రోసివేయనక్కరలేదు. కడిగిన నీరు ఆరిన పొడిపై చిందరాదు, ఆరిన పొడి నిప్పు వైపునకు ఎగురరాదు అను వివేకమును అందు చూడవచ్చును. నేటి ఔషధశాలలోను తూకపు గది, కలుపు గది, ఆరబెట్టు గది, మాత్రల గది వేరువేరుగనే యుండును. ఒక మందు ధూళి మరియొక మందులో పడకుండుటకై గదిగదికిని గాలి యొత్తిడిలో భేదము నిలుపుదురు. పూర్వము డోలాయంత్రమున ఔషధమును గుడ్డలో మూటగట్టి, కుండ మూతికి అడ్డముగ వేసిన కర్రనుండి ద్రవములోనికి వ్రేలాడదీసి, క్రింద మంట పెట్టెడివారు. కుండ పోయి ఉక్కుపాత్ర వచ్చినది. కట్టెలు పోయి ఆవిరి గొట్టము వచ్చినది. మంట యెంత యుండవలెనో కనిపెట్టుచు కూర్చుండు మనుష్యుడు మాత్రము పోలేదు.

తెలుగునాట ఈ వృత్తి వేరూనుటకు ముఖ్యకారణము హైదరాబాదు బాలానగరమున ప్రభుత్వము పెట్టిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారము. ఆ సంస్థ 1961లో ఏర్పడి సోవియట్ దేశ సహాయముతో హృషీకేశమునను హైదరాబాదునను ఔషధశాలలు నిర్మించినది. అందు పని నేర్చినవారు పలువురు పిమ్మట స్వంత పరిశ్రమలు పెట్టిరి. తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుమారుడైన కల్లం అంజిరెడ్డిగారు ఆ సంస్థలో పనిచేసినవారే. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. 1970 నాటి పేటెంటు చట్టము మందును చేయు పద్ధతికే హక్కు నిచ్చెను గాని మందుకే హక్కు నీయలేదు. అందుచే 2005లో చట్టము మారువరకు అదే మందును వేరు మార్గమున చేయుటకు ఇచ్చటివారికి వీలు చిక్కినది. జీడిమెట్ల, బొల్లారము, పాశమైలారము, తరువాత విశాఖ చేరువ పరవాడ, అచ్యుతాపురము ఇట్లు పెరిగినవే. తల్లివంటి ఆ ప్రభుత్వ కర్మాగారము మాత్రము మూలబడినది. దాని ఆవరణలోనే 2007లో నైపర్ అను జాతీయ ఔషధవిద్యాసంస్థ వెలయుట కొంత ఊరట.

ఇక పనిలోనికి పోవుదము. ముందు మాత్ర సంగతి; అందరును మ్రింగినదే గనుక తెలియుట సులభము. మందుపొడిని అట్లే అచ్చులో పోసినచో మాత్ర కాదు. పిండియు జిగురును చేర్చి తడిపి రవ్వవలె చేయుదురు. ఆ రవ్వను క్రిందినుండి వేడిగాలి కొట్టి పైకెగురవేయుచు ఆరబెట్టుదురు. ఆరినదానిని జల్లించి, జారుటకై మరికొంత పొడి కలిపి, మాత్రల యంత్రపు తొట్టిలో పోయుదురు. యంత్రమున గుండ్రని పీఠమొకటి తిరుగుచుండును. దాని అంచు పొడుగున డైలనబడు గుంటలు. ప్రతి గుంటకు పైన నొక పంచి, క్రింద నొక పంచి. గుంట నిండును, పైపంచి దిగి నొక్కును, క్రిందిపంచి ఎత్తును, మాత్ర బయటపడును. ఇదంతయు రెప్పపాటు. పెద్ద యంత్రము గంటకు రెండు లక్షల మాత్రలను అలవోకగ చేయును.

ఇందొక చిత్రమున్నది. ఈ యంత్రము పొడిని తూచదు, కొలుచును. మానికతో బియ్యము కొలిచినట్లు గుంట నిండినంత తీసికొనును. మానికను కుదిపి కొలిచిన నొక తూకము, కుదపక కొలిచిన నొక తూకము వచ్చునని గృహిణులెరుగుదురు. అట్లే రవ్వ సన్నమైనను, తేమ హెచ్చినను, తొట్టిలో మట్టము తగ్గినను మాత్ర తూకము మారిపోవును. 250 మిల్లీగ్రాములు, అంతకు మించిన మాత్రలు ఇరువదింటిని తూచినచో, రెండింటికంటె హెచ్చు మాత్రలు సగటునుండి నూటికి ఐదు పాళ్లు దాటి తేడా చూపరాదు. ఏ ఒక్కటియు పది పాళ్లు దాటరాదు. భారత ఔషధసంహిత విధించిన నియమమిది. అందుకే ఆపరేటరు పదిహేను నిమిషములకో అరగంటకో కొన్ని మాత్రలు తీసి, తూచి, గట్టిదనమును మందమును పరీక్షించి వ్రాయుచుండవలెను. గంటకు రెండు లక్షలు రాల్చు యంత్రమున పది నిమిషములు ఏమరియున్నచో ముప్పదిమూడు వేలకు పైగా మాత్రలు తప్పు తూకముతో పోవును. ఒకనికి రక్తపోటు మందు తక్కువగును, ఒకనికి హెచ్చగును. వారెవ్వరును ఆ ఆపరేటరు ముఖమును ఎన్నడును చూడరు.

మాత్ర పైభాగము టోపీవలె ఊడివచ్చుట ఒక జాడ్యము. పంచికి పొడి అంటుకొని మాత్ర ముఖము గుంటలు పడుట మరియొకటి. మొదటిది తరచుగ రవ్వ అతిగ ఎండుటచేతను, నొక్కుడులో గాలి చిక్కుటచేతను వచ్చును. రెండవది తేమ మిగులుటచేత. ఆరితేరినవాడు చేతితొడుగులోనుండియే రవ్వను నలిపి ఏది రానున్నదో చెప్పగలడు. ఇది పుస్తకమున దొరకని విద్య. కాని ఆ అంచనాను తేమమాపకముతో సరిచూడక పత్రమున వ్రాసినచో అది విద్య కాదు, సాహసము.

ఇప్పుడు ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి వినవలెను. 1972లో ప్లిమత్ నగరపు డెవన్‌పోర్టు ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొన్న కొందరికి నరములలోనికి డెక్స్‌ట్రోజు ద్రవమెక్కించిరి. ఆ సీసాలలో సూక్ష్మజీవులు పెరిగియుండెను. ఐదుగురు రోగుల మరణములు ఆ ద్రవముతో ముడిపడినవి. సీసాలు అంతకు ముందటి యేడు ఒక కర్మాగారమున తయారైనవి. వానిని క్రిమిరహితము చేయుటకు ఆటోక్లేవు అను ఆవిరిపెట్టెలో పెట్టియేయుండిరి. మరి క్రిములెట్లు మిగిలినవి?

దీనికి సమాధానము వంటయింటనే యున్నది. ప్రెషరు కుక్కరు పొయ్యిమీద పెట్టిన గృహిణి వెంటనే పైబరువు పెట్టదు. ఆవిరి ధారగ వచ్చువరకు ఆగి, అప్పుడు పెట్టును. ఏల? లోపలి గాలి పోవలెనని. గాలి మిగిలినచో ఒత్తిడి వచ్చును గాని ఆ ఒత్తిడికి తగిన వేడి రాదు. ఆటోక్లేవున వాడుకైన నియమము 121 డిగ్రీల వేడి, 15 నిమిషములు. శుద్ధమైన ఆవిరి యైనచో చదరపు అంగుళమునకు సుమారు 15 పౌనుల ఒత్తిడికి ఆ వేడి వచ్చును. గాలి కలిసినచో ఒత్తిడి ముల్లు అచ్చటనే నిలుచును, వేడి మాత్రము దిగిపోవును. ముల్లు అబద్ధమాడదు, అడుగని ప్రశ్నకు బదులు చెప్పదు, అంతే. ఆనాడు పెట్టె అడుగుభాగమున గాలి చిక్కుకొన్నది. పై వరుసల సీసాలు కాగినవి. క్రింది వరుసలవి కాగలేదు. క్రిందిభాగపు ఉష్ణమును నమోదు చేయు పరికరము వేడి ఎక్కలేదని చూపుచునే యుండెను. అది చెడిపోయినదిలే యని తలచి, అక్కడివారు వేరొక ముల్లును నమ్మి పని ముగించిరి.

క్లోథియర్ అనువారి అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘము 1972లోనే తన నివేదిక నిచ్చెను. సీసాలను క్రిమిరహితము చేయుటను తక్కువ నేర్పుగలవారు నడుపదగిన సులువు పనిగ ఎంచుటయే పెద్ద పొరపాటని ఆ సంఘము తప్పుపట్టినది. ఊరివారు "మిషను దగ్గర ఉన్నాడు" అని తీసివేసిన మాటను ఒక దేశపు విచారణ సంఘము ఐదు ప్రాణముల లెక్కతో ఖండించినదన్న మాట. రెండు పరికరములు రెండు మాటలు చెప్పినపుడు తనకు ననుకూలమైనదానిని నమ్ముట మనుష్య స్వభావము. అనుకూలము కానిదానిని ముందు నమ్మి, పని ఆపి, పైవానిని పిలుచుట శిక్షణ. ఆపినందుకు మేస్త్రి కోపగించుకొనును, ఉత్పత్తి లెక్క తగ్గును. అయినను ఆపగలిగినవాడే ఆపరేటరు. తక్కినవాడు మీట నొక్కువాడు.

పరీక్షశాల యున్నది గదా, చెడ్డ సరుకు అచ్చట పట్టుబడదా యని అడుగవచ్చును. వేల సీసాలలో పరీక్షకు పోవునవి కొన్ని. పరీక్షించిన సీసా రోగికి ఎక్కించుటకు పనికిరాదు. ఎక్కించు సీసా పరీక్షింపబడలేదు. అందుచే తయారైన తరువాత వెదకుట చాలదనియు, తయారగునపుడే ప్రతి మెట్టును నియమబద్ధము చేసి వ్రాసియుంచవలెననియు ఔషధ శాసనము పలుకుచున్నది. ఈ దేశమున 1940 నాటి ఔషధ చట్టము, 1945 నాటి నియమములు, వానిలో షెడ్యూలు ఎం అనబడు భాగము ఇందుకు ఆధారము. ఆ షెడ్యూలును 2023 డిసెంబరులో ప్రభుత్వము బాగుగ కట్టుదిట్టము చేసినది.

ఈ వ్రాతపని సంగతి కొంత చెప్పవలసియున్నది. గ్రామలెక్కలలో అంకెను గీకి దిద్దరాదు. తప్పు పడినచో చదువవచ్చునట్లు ఒక్క గీత కొట్టి, ప్రక్కన సరియైన అంకె వేసి, చేవ్రాలు పెట్టవలెను. ఔషధశాల నియమమును అక్షరాల అదియే. తేదీయు కారణమును అదనము. తెల్లరంగు పూసి దిద్దినచో ఆ పుటయంతయు సందేహాస్పదము. యంత్రమును ఎప్పుడు మొదలుపెట్టినారో, ఎప్పుడు ఆపినారో, ఎవరు కడిగినారో, ముందు ఏ మందు చేసినారో లాగుబుక్కులో ఆ క్షణమున వ్రాయవలెను. సాయంకాలము కూర్చుండి పగటి అంకెలన్నిటిని ఒక్క సిరాతో, ఒక్క తీరు దస్తూరితో నింపినచో, అనుభవజ్ఞుడైన తనిఖీదారు పుట తిప్పగనే పట్టుకొనును. అడంగలు అజమాయిషీ చేసిన తాసీల్దారులకు ఈ కన్ను పూర్వము ఉండెడిది. అమెరికా మొదలగు దేశముల ఔషధాధికారులు ఇచ్చటి కర్మాగారములకు వచ్చినపుడు యంత్రముల తళతళకంటె ఈ పుస్తకముల నిజాయితీనే హెచ్చుగ చూతురు.

మాత్రల గది శాంతమైనది. అసలైన భయము మందు మూలపదార్థమును వండు రియాక్టరు వద్ద నున్నది. రియాక్టరనగా వేల లీటర్ల పాత్ర. లోపల కలియబెట్టు రెక్క, వెలుపల వేడినిగాని చల్లదనమునుగాని ఇచ్చు తొడుగు. కొన్ని రసాయనములు కలిసినపుడు తమంతట తామే వేడి పుట్టించును. అట్టివానిని బొట్టుబొట్టుగ వదలుచు, పుట్టిన వేడిని చల్లనీటితో లాగివేయుచు నడుపవలెను. బెల్లపు పెనము వద్ద తెడ్డు ఆడించినవారు కలియబెట్టుట ఎంత ముఖ్యమో చెప్పగలరు. కాని ఇచ్చట ఆపద వేరు. రెక్క ఆగిపోయినది గమనింపక ద్రవమును వదలుచునే యున్నచో, అది కలియక ఒక పొరగ నిలిచియుండును. పాత్ర చల్లగ కనబడును. అంతలో ఎవరో వచ్చి రెక్కను మరల త్రిప్పుదురు. అంతసేపు కూడినదంతయు ఒక్కమారుగ కలిసి రాజుకొనును. కాబట్టి రెక్క ఆగగనే మొదట కట్టవలసినది పోయుచున్న కవాటము. రెక్కను మరల త్రిప్పవచ్చునా లేదా యనునది పై యధికారి నిర్ణయింపవలసినది. ఈ ఒక్క సంగతి తెలియనివానిని రియాక్టరు అంతస్తుపై నిలుపుట పాపము.

సాల్వెంటులని పిలువబడు ద్రావకములు పెట్రోలువలె ఆవిరియై అంటుకొనును. గొట్టమున వేగముగ పారునపుడు వాని వలన విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ లేచును. అందుకే పీపాకును పాత్రకును రాగితీగ కట్టి భూమికి చేర్చుదురు. తీగ తగిలింపకున్నను పని జరుగును, నూరుమార్లు జరుగును. సన్నని పొడి కూడ గాలిలో మేఘమువలె లేచినపుడు తుపాకిమందువలె ప్రేలగలదని చాలమందికి తెలియదు. అచ్యుతాపురమున 2024 ఆగస్టు 21న ద్రావకపు ఆవిరి ప్రేలి 17 మంది మరణించిరి. పాశమైలారమున 2025 జూన్ 30న జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా పోయిరి. దూరరాష్ట్రములనుండి పొట్టచేత బట్టుకొని వచ్చినవారు వారిలో పెక్కురు. వృత్తిని పొగడువారు ఈ తేదీలను దాచరాదు. దాచి పిల్లలను పంపుట మోసమగును.

నిప్పు అంటకుండ పాత్రలలో నత్రజనిని నింపుదురు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లు. నత్రజని నిండిన పాత్రలో అది లేదు. లోపలికి దిగినవాడు ఉక్కిరిబిక్కిరియైనను కాకయే రెండు మూడు ఊపిరులలో కూలిపోవును. పాడుబావిలో పూడిక తీయబోయి ఒకడు పడిపోగా, వానిని తీయబోయి అన్న, అన్నను తీయబోయి పొరుగువాడు పోయిన కథలు పల్లెలకు క్రొత్తగావు. ఇదియు అట్టిదే. అందుకే వాయువును కొలిచి, వ్రాతపూర్వకమైన అనుమతి పొంది, వెలుపల కాపలా నిలిపిన పిమ్మటనే పాత్రలోనికి దిగవలెను. "ఒక్క నిమిషమే గదా" అన్నవారి కొరకే ఆ నియమము పుట్టినది.

యంత్రము నడుపువాడొకడు, బాగుచేయువాడొకడు. రెండవవాని పని కంటికి కానరాదు. చక్కగ చేసినచో ఏమియు జరుగదు గదా! ఫిట్టరు, ఎలక్ట్రీషియను, ఉష్ణమాపకములు మొదలగు పరికరములు చూచు ఇన్‌స్ట్రుమెంటు మెకానికు, బాయిలరు నడుపు ధ్రువపత్రముగల అటెండెంటు, గాలిని శీతలపరచి వడబోయు ఏర్పాటును చూచువాడు, మందుకు వాడు శుద్ధజలపు యంత్రమును చూచువాడు, ఇట్లు శాఖలు కలవు. ఇతర కర్మాగారములలో ఫిట్టరు మర మరల బిగించి పోవును. ఇచ్చట విప్పిన మరలనన్నిటిని లెక్కపెట్టవలెను. ఒక్క మర తక్కువైనచో అది మందులో పడెనేమోయను అనుమానముతో సరుకునంతయు ఆపవలసివచ్చును. గాజుపూత వేసిన రియాక్టరులో రెంచి జారిపడి చిన్న పెచ్చు లేచినచో, ఆమ్లము ఆ రంధ్రమున దూరి ఉక్కును తినివేయును. పెచ్చు లేచినదని ఎవరు చెప్పవలెను? జారవిడిచినవాడే. వేరెవ్వరును చూచియుండరు.

మరమ్మతుకు దిగునపుడు విద్యుత్తు మీటకు తాళము వేసి, తన పేరు వ్రాసిన చీటి కట్టి, తాళపుచెవిని తన జేబులోనే యుంచుకొనవలెను. నలుగురు దిగినచో నాలుగు తాళములు. మేస్త్రి వద్ద ఒక్క తాళము చాలును గదా యనరాదు. నాలుగవవాడు ఇంకను లోపల నున్న సంగతి మేస్త్రి మరచునేమో గాని, వాని తాళము మరువదు. ప్రతి ఉష్ణమాపకమునకును తూకపు యంత్రమునకును నియమిత కాలమున ప్రామాణిక పరికరముతో సరిచూచి, మరల ఎప్పుడు చూడవలెనో తేదీ అంటింపవలెను. ఆ తేదీ దాటిన పరికరము మంచిదైనను దాని మాట చెల్లదు.

ఇక ఈ వృత్తిలోనికి దారులు. పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను చదువులు రెండేండ్లు. రసాయన కర్మాగారముల కొరకే ప్రత్యేకించిన అటెండెంట్ ఆపరేటరు, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, మెయింటెనెన్స్ మెకానిక్ శాఖలును కలవు. ఇవి అన్ని ఐ.టి.ఐ.లలో నుండవు గనుక ముందు విచారించి చేరవలెను. పదవ తరగతి తరువాతనే పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష వ్రాసి మూడేండ్ల డిప్లొమా చేయవచ్చును. రసాయనశాస్త్రముతో బి.ఎస్‌సి., డి.ఫార్మసీ, బి.ఫార్మసీ చదివినవారు కూడ మొదట ఇదే యంత్రము చెంత నిలిచి పని నేర్తురు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద జీతభత్యము పొందుచు పని నేర్చుకొను మార్గమొకటి యున్నది. ఈ మార్గమును వదలి, దళారి వెంట రోజుకూలిగ పోయి, నాలుగేండ్ల తరువాత "అనుభవమున్నది" అనుకొనుట పల్లెపిల్లల విషయమున తరచుగ జరుగుచున్నది. ధ్రువపత్రము లేని అనుభవము ఆ గేటు దాటగనే సున్న.

కాబట్టి బిడ్డను పంపు తండ్రి జీతమెంతయని అడిగిన తరువాతనైనను మరికొన్ని అడుగవలెను. నియామకపత్రము ఎవరి పేర నిత్తురు, కర్మాగారము పేరనా, గుత్తేదారు పేరనా? భవిష్యనిధియు ఇ.ఎస్‌.ఐ.యు కలవా? మొదటి వారము శిక్షణ యిత్తురా, లేక గేటు లోపల అడుగిడగనే రియాక్టరు చూపుదురా? ఆ రియాక్టరులో ఏమి వండుదురు? ఈ చివరి ప్రశ్నకు బిడ్డ ఆరు మాసములైనను జవాబు చెప్పలేనిచో ఆ చోటు మంచిది కాదు. జీతము రెండు వేలు హెచ్చైనను కాదు.

ఇచ్చట గ్రంథాలయమునకు సంబంధించిన మాట యొకటి. యంత్రము ప్రక్కన వ్రేలాడు పని విధానపత్రము సాధారణముగ ఇంగ్లీషున నుండును. రసాయనపు పీపాపై నంటించిన హెచ్చరికయు ఇంగ్లీషే. ఆ చోట నిలుచువాడు తెలుగులో చదివినవాడు, లేదా ఒరియాలోనో హిందీలోనో చదివినవాడు. శిక్షణ పొందినట్లు పత్రమున సంతకము మాత్రము పెట్టును. అర్థము కాని కాగితముపై సంతకము పల్లెలకు ఎట్టి ఫలితములు తెచ్చినదో అప్పుపత్రముల చరిత్ర తెలిసిన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. కార్మికులకు అర్థమగు భాషలో హెచ్చరికలుండవలెనని కోరుట వారి హక్కు. ఈలోగా ఊరి గ్రంథాలయము చేయదగినది కొంత కలదు. ఐ.టి.ఐ. పాఠ్యపుస్తకములు తెలుగులో వచ్చినవి కొన్ని కొని ఒక అరలో నుంచవచ్చును. పీపాలపై కనబడు ప్రమాదచిహ్నములు ప్రపంచమంతట ఒక్కటే: మంట గుర్తు, పుర్రె గుర్తు, చేతిని తినివేయు ఆమ్లపు గుర్తు, ప్రేలుడు గుర్తు మొదలగునవి. వానిని పెద్దవిగ గీయించి, క్రింద తెలుగున అర్థము వ్రాయించి, పత్రికలు చదువు బల్ల ఎదుట గోడకు తగిలించుటకు ఒక దినపు పని చాలును. పండుగకు ఇంటికి వచ్చిన కర్మాగారపు పిల్లలనే కూర్చుండబెట్టి వ్రాయించినచో మరియు మేలు. తమకెంత తెలియునో వారికిని తెలియవచ్చును.

ఆడపిల్లల విషయము అడిగినవారు కొందరు కలరు. కట్టలు కట్టు విభాగమునను, పరీక్షశాలలోను, సీసాలను కంటితో పరీక్షించు పనిలోను స్త్రీలు పెక్కురు పనిచేయుచున్నారు. యంత్రములు నడుపుటకు గల అడ్డంకి అలవాటే గాని వేరు కాదు. క్రిమిరహిత విభాగమున గాజులు, బొట్టు, గోరింట రంగు, పౌడరు ఏదియు పనికిరాదు. ఇది మగవారి మీసముగడ్డములకును వర్తించు నియమము, వానిని కప్పుకొనవలెను. సీసాను నల్లని తెరకును తెల్లని తెరకును ఎదుట త్రిప్పి నలుసు వెదకు పనికి కంటిచూపు నిర్దుష్టముగ నుండవలెను, రంగుల భేదము తెలియవలెను. ఎరుపు పచ్చల తేడా కానరానివారు, ముఖ్యముగ మగపిల్లలలో, కొందరుందురు. చాలమందికి ఆ లోపము తమకున్నట్లే తెలియదు. విద్యుత్ తీగల పనిలోను, పరీక్షశాలలోను ఆ లోపము చిక్కు తెచ్చును. ఐ.టి.ఐ.కి దరఖాస్తు పెట్టుటకు ముందే ప్రభుత్వాసుపత్రిలో రంగుచుక్కల పుస్తకముతో కన్ను పరీక్ష చేయించుకొనుట మంచిది. చూపువలన ఒక శాఖ పనికిరాకపోయినచో ఫిట్టరు శాఖ యున్నది.